గ్యాసు అయిపోదు: విద్యుత్తు కారులోని ఏసీకి వైద్యము

వైశాఖమాసపు మధ్యాహ్నమున జాతీయ రహదారి ప్రక్కనున్న ఛార్జింగు కేంద్రములవద్ద ఒక విచిత్రము కానవచ్చును. ఇచ్ఛాపురమునుండి శ్రీకాకుళము దిశగా బయలుదేరిన విద్యుత్తు కారొకటి దారిలో ఛార్జింగు తీగ తగిలించుకొని నిలిచియుండును. యజమాని తలుపులు బిగించి కాఫీకి పోయియుండును. లోపల ఒక్క ప్రాణియైనను లేదు. అయినను బానెట్టు క్రిందనుండి ఫ్యాను హోరును, ఆ హోరు చాటున కంప్రెసరు గొణుగుడును ఎడతెగక వినవచ్చుచునే యుండును. ఏసీ ఆర్పుట మరచితినేమో యని యజమాని పరుగున వచ్చి చూచినచో, మీట ఆర్పియే యున్నది. మరి ఈ చల్లదనము ఎవరి కొరకు?

ఇంకొక చిక్కు ఇంతకంటె ప్రసిద్ధమైనది. ఏసీ వేసినపుడు గాలి జోరుగానే వచ్చును గాని చల్లగా రాదు. దారిలోని ఏసీ దుకాణమునకు తీసికొనిపోగా, బానెట్టు ఎత్తకమునుపే, “గేసైపోయింది బావూ, కొట్టించేస్తే సరిపోద్ది” అను తీర్పు వెలువడును. పెట్రోలు, డీజిలు కార్ల విషయమున ఈ తీర్పు ఏండ్ల తరబడి చెల్లుబాటైనది; డబ్బు చెల్లించిన పిదప కొంతకాలము చల్లదనము వచ్చుటయు, మరుసటి వేసవికి మరల అదే మాట వినుటయు మనకు అలవాటైపోయినది. విద్యుత్తు కారు ఈ అలవాటును క్షమింపదు. ఖాళీ కారులో ఏసీ ఏల పనిచేయుచున్నదో, విద్యుత్తు కారులో ఉత్త ‘గ్యాసు కొట్టించుట’ ఏల అనర్థదాయకమో తెలియవలెనన్న, ఏసీ యనునది అసలు చేయు పని యేమో ముందుగా నిదానముగా చూడవలసియున్నది.

వేడిని తోడిపోయు యంత్రము

ఏసీ చల్లదనమును పుట్టించునని మనము వాడుకగా అందుము. నిజమునకు అది చేయునది ఒక్కటే: ఒకచోటి వేడిని తీసి మరియొకచోట పారవేయును. వేడి తనంత తాను వేడిచోటునుండి చల్లనిచోటికే పోవును. కారులోని 25 డిగ్రీల గాలినుండి బయటి 38 డిగ్రీల ఎండలోనికి దానిని పంపవలెనన్న, ఎవరో ఒకరు పాటుపడి పైకెత్తవలెను. మన తాతలు తోటలకు నీరు తోడిన ఏతమును తలచుకొన్నచో ఈ యేర్పాటు సులభముగా బోధపడును. నూతిలోని నీరు కారులోని వేడి. గట్టుమీది కాలువ బయటి గాలి. క్రిందికి దిగి నిండి, పైకి వచ్చి కుమ్మరించి, మరల ఖాళీగా దిగు బాన గొట్టములలో తిరుగు శీతలద్రవ్యము. ఏతము త్రొక్కు మనిషి కంప్రెసరు.

ఆ బాన నిండు మర్మమేమో చూతము. స్పిరిటు చుక్క చేతిపై వేసికొన్నచో అది ఆవిరియై పోవుచు చర్మమును చల్లబరచును. ఏలయన ద్రవము ఆవిరి యగుటకు వేడి కావలెను, ఆ వేడిని అది చేతినుండియే లాగుకొనును. కార్ల ఏసీలలో వాడు ఆర్-134ఏ అను ద్రవ్యము సాధారణ వాతావరణపు ఒత్తిడిలో సున్నకు దిగువ 26 డిగ్రీలవద్దనే మరుగును. అనగా దానిని గిన్నెలో పోసి అరుగుమీద పెట్టినచో, నిప్పు లేకయే తెరలిపోవును. డ్యాష్‌బోర్డు వెనుకనున్న ఇవాపరేటరు అను సన్నని రెక్కల గొట్టములలో ఈ ద్రవము తక్కువ ఒత్తిడిలో మరుగుచు, తనమీదుగా వీచు గాలిలోని వేడిని గ్రహించి ఆవిరి యగును. ఆ యావిరిని కంప్రెసరు పీల్చి, వాతావరణపు ఒత్తిడికి 15 రెట్లవరకును, మండుటెండలో అంతకు మించియును అదిమివేయును. అదిమిన వాయువు వేడెక్కును. సైకిలుకు గాలి కొట్టిన వారందరును పంపు అడుగుభాగము కాలుట ఎరుగుదురు. ఇక్కడ అది బయటి ఎండకంటె కూడ ఎక్కువగా వేడెక్కును, కీలకమంతయు ఇందే యున్నది. ఎండకంటె వేడిగా నుండుటచేతనే అది కారు ముందుభాగముననున్న కండెన్సరులో తన వేడిని ఆ యెండలోనికే విడిచిపెట్టి, తిరిగి ద్రవముగా మారగలుగుచున్నది. పిదప ఒక యిరుకైన కవాటముగుండా దూరి, ఒత్తిడి కోల్పోయి, చల్లబడి, మరల ఇవాపరేటరులో ప్రవేశించును.

ఇందు పాఠకుడు గట్టిగా పట్టుకొనవలసినదొకటి కలదు. బాన నీటిని మోయును గాని తాను ఖర్చు కాదు. శీతలద్రవ్యము పెట్రోలువలె కాలిపోవు ఇంధనము గాదు. మూసిన గొట్టములలో అదే ద్రవ్యము ఏండ్ల తరబడి తిరుగుచుండవలెను. కాలువకు నీరు తక్కువగా వచ్చుచున్నదన్న బానకు చిల్లు పడియుండును. గ్యాసు తగ్గినదన్న ఎక్కడనో కారిపోవుచుండును. ‘అయిపోయినది’ అను తీర్పు రోగమునకు పెట్టిన పేరు కాదు, రోగమును వెదకకుండుటకు చెప్పిన సాకు.

ఉక్కను పిండుటకే పుట్టిన విద్య

ఈ యంత్రము పుట్టినది వేసవితాపము తీర్చుటకు కాదనుట చాలమందికి తెలియదు. 1902లో అమెరికాయందలి బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయమువారు, గాలిలోని తేమకు కాగితము సాగుటయు ముడుచుకొనుటయు జరిగి, రంగుమీద రంగు సరిగా పడక విసిగిపోయిరి. వారి కష్టము తీర్చుటకు విల్లిస్ క్యారియర్ అను యువ ఇంజనీరు, గాలిని చల్లని గొట్టపుచుట్టలమీదుగా పంపి అందలి తేమను నీరుగా జార్చు ఏర్పాటును రూపొందించెను. నేటి ఏసీకి అదియే మూలము. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానపు తీరవాసులకు ఈ చరిత్ర ఉత్త వినోదము గాదు. మన ఏసీ పోరాడునది ఎండతో ఎంతయో ఉక్కతోను అంతయే యని ఇది జ్ఞాపకము చేయుచున్నది.

లెక్క చూడుడు. 35 డిగ్రీలవద్ద ఒక ఘనమీటరు గాలి, నిండుగా తడిసినచో, దాదాపు 40 గ్రాముల నీటియావిరిని మోయగలదు. అదే గాలి 10 డిగ్రీలకు చల్లబడినచో 10 గ్రాములైనను మోయలేదు. మోయలేని నీరంతయు ఇవాపరేటరు రెక్కలమీద చెమ్మగా పట్టి, బొట్లుబొట్లుగా జారి, కారు క్రిందనున్న సన్నని గొట్టముగుండా నేలపాలగును. ఏసీ వేసిన కారు క్రింద కనబడు తడి ఇదియే. దానిని చూచి గాబరాపడవలసిన పనిలేదు. అయితే ఆవిరి నీరుగా మారునపుడు తాను దాచుకొన్న వేడిని విడుచును. ఒక్క లీటరు నీరు అట్లు జారినచో, ఏడు లీటర్ల చన్నీళ్లను మరుగుదాక కాచగలిగినంత వేడి ఏసీ మీద పడును. కనుకనే అనంతపురపు పొడి యెండలో 40 డిగ్రీలవద్ద చులకనగా చల్లబడు కారు, బారువ తీరమున 34 డిగ్రీలకే ఆయాసపడును. అది రోగము గాదు, భారము. లోపలిగాలినే మరల మరల త్రిప్పు మీటను నొక్కినచో ఆ భారము చాలవరకు తగ్గును. ఏలయన ఒకసారి పిండిన గాలినే ఏసీ మరల చల్లబరచును గాని, సముద్రముమీదినుండి వచ్చు తడిగాలిని నిముసనిముసమునకు క్రొత్తగా పిండవలసి రాదు.

ఇంజను లేనిచోట కంప్రెసరు

ఏసీతో అమ్మకమునకు వచ్చిన మొదటి కారు 1940 నమూనా ప్యాకార్డు. అందులో ఏసీని ఆపవలెనన్న ఇంజను ఆపి, బానెట్టు ఎత్తి, బెల్టును చేతితో ఊడదీయవలసి వచ్చెడిది! తరువాత అయస్కాంతపు క్లచ్చి వచ్చి ఆ బాధ తీర్చినను బెల్టు బానిసత్వము మాత్రము పోలేదు. ఇంజను తిరిగిననే కంప్రెసరు తిరుగును. ఇంజను మందగించినచో చల్లదనమును మందగించును. పైగా, బెల్టుకు దొరకుటకై కంప్రెసరు ఇరుసు పెట్టె వెలుపలికి పొడుచుకొని రావలెను. తిరుగు ఇరుసు చుట్టును ఎంత బిగించినను ఏండ్లు గడచినకొలది ఆ సందుగుండా గ్యాసు అణుమాత్రముగా జారుచునే యుండును. ‘వేసవికొకసారి గ్యాసు’ అను ఆచారమునకు ఇది కొంత కారణము.

విద్యుత్తు కారులో ఇంజనే లేదు గనుక కంప్రెసరునకు సొంత మోటారు కావలసివచ్చెను. ఆ మోటారును, అదుము యంత్రమును ఒకే అల్యూమినియము పెట్టెలో పెట్టి మూసివేసిరి. వెలుపలికి వచ్చు ఇరుసు లేదు, ఇరుసు సందు లేదు. లోపల అదుము పని సాధారణముగా రెండు లోహపు సుడులు చేయును: ఒకటి కదలదు, రెండవది దానిలో ఇమిడి గుండ్రముగా ఊగుచుండగా, నడుమ చిక్కిన వాయువు అంచునుండి నడిబొడ్డునకు నెట్టబడుచు, నెట్టబడినకొలది ఇరుకున పడును. ఫ్రాన్సు దేశీయుడు లియోన్ క్రూ దీనికి 1905లోనే పేటెంటు పొందెను; కాని అంత సూక్ష్మముగా లోహమును చెక్కు పనిముట్లు లేక ఆ ఊహ దశాబ్దములపాటు కాగితముమీదనే నిలిచిపోయినది.

ఈ మోటారు త్రాగునది దీపములను వెలిగించు 12 వోల్టుల విద్యుత్తు గాదు; కారును నడుపు పెద్ద బ్యాటరీయందలి, పెక్కు కార్లలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు. నారింజరంగు తొడుగుగల లావుపాటి తీగలు దానిని మోసికొని వచ్చును. ఆ రంగు అలంకారమునకు కాదు, హెచ్చరికకు. మన ఇండ్లలోని 230 వోల్టులకే ప్రాణములు పోవుచుండగా దీని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి: ఈ మూసిన పెట్టెలో మోటారు రాగితీగల చుట్టలను తడుపుచు, వానిని చల్లార్చుచు ప్రవహించునది ఆ శీతలద్రవ్యమే, దానితో కలిసి తిరుగు నూనెయే.

> నూనె పేరు అడుగవలసినది ఏల?
>
> కంప్రెసరు అరుగకుండుటకు ప్రతి ఏసీలోను కొంత నూనె గ్యాసుతో కలిసి తిరుగుచుండును. పెట్రోలు, డీజిలు కార్లలో పెక్కింటికి పీఏజీ అను నూనె వాడుదురు. అది కందెనగా మంచిదే గాని విద్యుత్తును కొంత పారనిచ్చు గుణము దానికి కలదు. బెల్టుతో తిరుగు కంప్రెసరులో విద్యుత్తీగలు నూనెలో తడియవు గనుక అక్కడ ఆ గుణము చెరుపు చేయదు.
>
> విద్యుత్తు కంప్రెసరులో తీగచుట్టలు నూనెలోనే తడియుచుండును. కావున అక్కడ విద్యుత్తును పారనీయని నూనె, పెక్కు నమూనాలలో పీఓఈ అను రకము, వాడవలెను. పాత దుకాణపు గ్యాసు యంత్రపు గొట్టములలో మిగిలిన పీఏజీ కొద్దిపాటి దీనిలో కలిసినను తీగల రక్షణ సన్నగిల్లును. విద్యుత్తు సన్నసన్నగా కారు లోహపు ఒంటిలోనికి జారనారంభించును. ఇట్టి జారుడును కారు తనంత తాను ఎల్లవేళల కొలుచుకొనుచుండును. హద్దు మీరినచో హెచ్చరిక దీపము వెలిగించును, ఏసీని నిలిపివేయును, కొన్ని కార్లు కదలుటకే నిరాకరించును. అప్పుడు నూనె మార్చుటతో సరిపోక, కంప్రెసరునే మార్చవలసివచ్చిన సందర్భములు కలవు. అది ఏసీలోని భాగములన్నిటికంటె వెల గలది.
>
> పీఓఈకి ఒక బలహీనత కలదు: అది గాలిలోని తేమను పీల్చుకొని మెల్లగా ఆమ్లముగా విరుగును, ఆ ఆమ్లము తీగల పూతను తినును. మూత తీసి బల్లమీద విడిచిన నూనెడబ్బాను, అందును ఉద్దానపు గాలిలో విడిచిన దానిని, తిరిగి వాడరాదు.

ఖాళీ కారులో చల్లదనము ఎవరికి?

బ్యాటరీకి. లిథియము బ్యాటరీ మనకు హాయిగొలుపు వేడిమినే తానును కోరును. 40 డిగ్రీలు దాటినకొలది లోపలి రసాయనములు త్వరత్వరగా ముసలితనము పొందును. దానిలోనికి విద్యుత్తును వేగముగా ఎక్కించునపుడు పుట్టు వేడి సామాన్యము గాదు: ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. అందుచేత నేటి పెక్కు కార్లలో బ్యాటరీ చుట్టును ఒక చల్లని నీటిమిశ్రమమును త్రిప్పి, ఆ మిశ్రమమును చల్లార్చుటకు ఏసీ గ్యాసునే వాడుచున్నారు. ఒకే కంప్రెసరునకు రెండు నూతులు ఏర్పడినవి: ఒకటి ప్రయాణికుల గది, రెండవది బ్యాటరీ. గాలితోనే బ్యాటరీని చల్లార్చు నమూనాలును లేకపోలేదు గాని, వేగముగా ఛార్జింగు పొందు కార్లు చాలవరకు ఈ మార్గమునే పట్టినవి. 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీతో ద్రవమున చల్లారు బ్యాటరీ మన మధ్యతరగతి వారి ముంగిటికి చేరినది.

దీని పర్యవసానము చిన్నది గాదు. పెట్రోలు కారులో ఏసీ చెడినచో చెమటలు పట్టును, అంతే. విద్యుత్తు కారులో గ్యాసు కారిపోయినచో బ్యాటరీయు ఉక్కపోతకు లోనగును. అది తన్ను తాను కాపాడుకొనుటకై ఛార్జింగు వేగమును తగ్గించివేయును. ముప్పావుగంటలో ముగియవలసిన పని ఎడతెగక సాగుచుండగా, యజమాని ఛార్జింగు కేంద్రమును తిట్టుకొనుచు కూర్చుండును. తప్పు తన కారు ముందరి చిల్లులో ఉన్నదని ఎరుగడు. అట్లే ఛార్జింగు జరుగుచుండగా లోపల కూర్చున్నవారికి చల్లదనము తగ్గినట్లు తోచినచో, అది సాధారణముగా రోగము గాదు. కారు తన బ్యాటరీకి మొదటి పాలు పంచుచున్నది.

ఏసీ వేసినచో దూరము తగ్గునను భయమును ఇక్కడనే తూచి చూతము. మొదటి నెక్సాన్ ఈవీ బ్యాటరీలో పట్టు విద్యుత్తు 30.2 యూనిట్లు. ఎండలో కాగిన కారును చల్లార్చు మొదటి నిముసములలో ఏసీ గంటకు మూడు యూనిట్ల వేగమున త్రాగినను, గది చల్లబడిన పిదప ఒక యూనిటుతో సరిపుచ్చుకొనును. గంటలో 60 కిలోమీటర్లు పోవు కారు నడకకే ఏడెనిమిది యూనిట్లు ఖర్చగును గనుక, రహదారిమీద ఏసీ పన్ను పదింట ఒక వంతు కంటె కొంచెము ఎక్కువ. రైలు గేటువద్ద నిలిచినపుడు మాత్రము దూరము సున్నయై, ఏసీ ఖర్చు అట్లే యుండును. ఆ కాస్త ఆదాకొరకు అద్దములు దించి ఉక్కలో ప్రయాణించుట, నా దృష్టిలో, లోభమే గాని పొదుపు గాదు.

ఉప్పుగాలి, జీడి పొగ

ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలముల కార్లకు ఒక ప్రత్యేక శత్రువు కలదు. అల్యూమినియము గాలి తగిలినవెంటనే తనమీద ఒక పలుచని పొర కట్టుకొని, ఆ పొర చాటున త్రుప్పు పట్టక బ్రదుకును; సముద్రపు ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదించి, సూదిమొన మేర గుంటలు త్రవ్వును. కండెన్సరు గొట్టపు గోడ మందము మిల్లీమీటరులో ఒక భాగము మాత్రమే గనుక, అట్టి గుంట ఆవలికి చేరుటకు ఎక్కువకాలము పట్టదు. కండెన్సరు కారులో అన్నిటికంటె ముందుండును. లారీ చక్రముల క్రిందినుండి చిమ్ము గులకరాయి మొదట తాకునదియు దానినే. ఆ దెబ్బ పడినచోట పూత లేచిపోగా ఉప్పు తన పని సులభముగా చేసికొనును.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరిని, జీడిని, పనసను నేలమట్టము చేసిన సంగతి ఇక్కడివారు మరువలేదు. అట్టి గాలులు సముద్రపు తుంపరను లోతట్టు గ్రామములదాక మోసికొనివచ్చి చెట్టు చేమలమీద, తీగలమీద, వాహనములమీద ఉప్పును పూయును. తుపాను వెలిసిన పిదపను, బారువవంటి తీరములకు పోయివచ్చిన పిదపను, కారు ముందరి జాలీగుండా మంచినీటిని మెల్లగా పోసి కండెన్సరును కడుగుట ఖర్చులేని వైద్యము. నీటిపంపు మూతిని దగ్గరగా పెట్టి జోరుగా కొట్టినచో సన్నని రెక్కలు వంగి గాలి దారులు మూసికొనిపోవును. ఆ జాగ్రత్త అవసరము.

పలాస కాశీబుగ్గ ప్రాంతమున తిరుగు కార్లకు మరియొక సంగతి. జీడిపిక్కలను వేయించుచోట లేచు పొగలో జిడ్డు గలదు. ధూళితో కలిసిన ఆ జిడ్డు, లోపలి గాలిని వడపోయు ఫిల్టరుమీద కంబళివలె పేరుకొనును. గాలి సన్నగిల్లగానే జనులు గ్యాసును అనుమానింతురు. గాలి బలము తగ్గుట వేరు, గాలి చల్లదనము తగ్గుట వేరు. మొదటిదానికి గ్యాసుతో ప్రసక్తియే లేదు.

నాడి చూచుట

రోగనిర్ణయమున సగము పని యజమానియే చేయగలడు; దానికి పనిముట్లు అక్కరలేదు, గమనిక చాలును. గాలి బలముగా వచ్చుచు చల్లగా లేనిచో, కంప్రెసరు తిరుగుట లేదనియో, తిరిగినను మోయుటకు గ్యాసు లేదనియో తెలియవలెను. గాలి విసరు ఫ్యాను 12 వోల్టుల చిన్న బ్యాటరీతో నడచును గనుక కంప్రెసరు చచ్చినను గాలి వచ్చుచునే యుండును. ఇదియే చాలమందిని భ్రమపెట్టు సంగతి. ఇట్టి సందర్భమున మొదట పెద్ద బ్యాటరీలో ఛార్జి ఎంతయున్నదో చూడుడు. అది అడుగంటినపుడు కొన్ని కార్లు నడకకై దాచుకొని ఏసీకి కోత పెట్టును. పిదప చిన్న బ్యాటరీ వయసు చూడుడు. విద్యుత్తు కారులో దానిని ఎవరును పట్టించుకొనరు గాని, లోపలి ఆజ్ఞలన్నియు దాని బలముమీదనే నడచును. అది నీరసించినచో సంబంధము లేని దీపములు పెక్కు ఒక్కసారి వెలుగును, ఏసీయు మొండికెత్తును. చిన్న బ్యాటరీ మార్చుటతో తీరిన జబ్బునకు కంప్రెసరు వెల చెల్లించుట దురదృష్టము.

ఈ రెండును బాగున్నవన్న, గ్యాసు తగ్గియుండుటయే ఎక్కువ సంభావ్యము. గొట్టములో ఒత్తిడి కొలుచు పరికరము, ఒత్తిడి బాగుగా పడిపోయినచో కంప్రెసరును తిరుగనీయదు. గ్యాసు లేక తిరిగిన మోటారు చల్లారు దారిలేక మాడిపోవునని దాని భయము. ఆ కాపలాను తప్పించి, తీగలు కలిపి బలవంతముగా త్రిప్పి చూచుట కొందరు మెకానిక్కులకు పాత కార్లతో వచ్చిన అలవాటు. దీనిని విద్యుత్తు కారుమీద ప్రయోగింపనీయరాదు.

కారు పరుగెత్తునపుడు చల్లగానుండి, నిలిచినపుడు వేడి యెక్కినచో కండెన్సరు ముందరి ఫ్యానునో, రెక్కలలోని మురికినో శంకింపవలెను. పరుగులో ఎదురుగాలి చేయు పనిని నిలిచినపుడు ఫ్యాను చేయవలసియున్నది. మొదట చల్లగానుండి, కొంతసేపటికి గాలియే సన్నగిల్లి, ఆపి మరల వేయగా బాగుపడినచో ఇవాపరేటరుమీద మంచు గడ్డకట్టుచున్నది. గాలి బలము తగ్గకయే చల్లదనము మాత్రము వచ్చుచు పోవుచున్నచో, గొట్టములలో చేరిన తేమ ఆ యిరుకు కవాటమువద్ద గడ్డకట్టి దారి మూయుచుండవచ్చును. ఇది వెనుకటి మరమ్మతు సరిగా చేయలేదనుటకు సాక్ష్యము. కాళ్లక్రింది చాప తడిసినచో నీరు పోవు గొట్టము పూడినది. పాచి కంపు వచ్చినచో ఇవాపరేటరుమీద బూజు చేరినది. గమ్యము చేరుటకు కొద్ది నిముసములముందు ఏసీ ఆర్పి ఫ్యాను మాత్రము నడిపి దానిని ఆరబెట్టు అలవాటు మంచిది.

చికిత్సాక్రమము

గ్యాసు తగ్గినదని తేలినపుడు మొదట చేయవలసినది నింపుట గాదు, చిల్లు వెదకుట. గ్యాసు కారినచోట నూనెయు కొంచెము కారును. కండెన్సరుమీదను, కీళ్లవద్దను ధూళి అంటిన జిడ్డుమరక కనబడినచో అదియే దొంగ జాడ. మరక కానరానిచో, గొట్టములలో నత్రజనిని ఒత్తిడితో నింపి, సబ్బునురుగు పూసి బుడగలు చూచుట ఒక పద్ధతి; గ్యాసు వాసన పట్టు పరికరమును కీలుకీలుకును త్రిప్పుట మరియొకటి. వెలుగు రంగు కలిపి వెదకు పద్ధతియు కలదు గాని, ఆ రంగు కలిపిన నూనె విద్యుత్తు కంప్రెసరునకు తగినదై యుండవలెను. డబ్బాలలో అమ్ము ‘లీకు మూయు మందు’ పోయుట మాత్రము కూడదు. అది చిల్లుతో పాటు కవాటమును మూసివేయును.

చెడిన భాగము మార్చిన పిదప, తేమ పీల్చు పొట్లమును మార్చి, గాలి లాగు పంపుతో గొట్టములను శూన్యము చేయవలెను. ఇది గాలిని తీయుటకు మాత్రమే యనుకొనుట పొరపాటు. 30 డిగ్రీలవద్ద నీరు, వాతావరణపు ఒత్తిడిలో 24వ వంతునకే మరుగును. కావున గొట్టములలో దాగిన చెమ్మ ఆ శూన్యములో చన్నీటిగానే మరిగి ఆవిరియై వెలికి వచ్చును. ఈ పనికి సమయము పట్టును. పది నిముసములలో ‘అయిపోయినది’ అను దుకాణమును, ముఖ్యముగా మన తడిగాలిలో, నమ్మరాదు. పిదప శూన్యము నిలుచుచున్నదో లేదో కొంతసేపు చూచి, గ్యాసును తూచి నింపవలెను. ఎన్ని గ్రాములు పట్టునో, ఏ గ్యాసో, పెక్కు కార్లలో ఏ నూనెయో కూడ బానెట్టు క్రింది చీటిమీద ముద్రించియుండును. గొట్టమును చేత్తో తాకి, చల్లగా తోచినదాక నింపుట పాతకాలపు చేతివాటము. ఎక్కువైనను తక్కువైనను చెరుపే.

వీటన్నిటికంటె ముందు, నారింజరంగు తీగల జోలికి పోవలసినపుడు, పెద్ద బ్యాటరీ విద్యుత్తును తెగగొట్టు ప్లగ్గును తీసి, తయారీదారు చెప్పినంతసేపు ఆగి, విద్యుత్తు లేదని కొలిచి చూచుకొని, అందుకు తగిన రబ్బరు చేతొడుగులు తొడుగుకొని పనిచేయవలెను. ప్లగ్గు తీసినవెంటనే ముట్టుకొనరాదు. లోపలి పరికరములలో నిలువయున్న విద్యుత్తు కొన్ని నిముసములు మిగిలియుండును. ఇది యజమాని తనంత తాను చేయదగిన పని గాదు.

కారిపోవు గ్యాసు మన జేబునకు మాత్రమే నష్టము గాదు. ఆర్-134ఏ, వందేండ్ల లెక్కలో, బొగ్గుపులుసు వాయువుకంటె 1430 రెట్లు భూమిని వేడెక్కించును. అరకిలో గాలిలో కలిసినచో ఏడువందల కిలోల బొగ్గుపులుసు వాయువును విడిచినట్లే. పొగ వెడలని కారు కొన్నామని సంతోషించువారు ఏటేట చిల్లుగొట్టములో గ్యాసు కొట్టించుచున్నచో ఆ సంతోషమునకు అర్థము లేదు. ఇట్టి వాయువులను క్రమముగా తగ్గింపవలెనని 2016లో కిగాలీలో కుదిరిన ఒప్పందమును మన దేశము 2021లో ఆమోదించినది. వాని స్థానమున వచ్చుచున్న ఆర్-1234వైఎఫ్ భూతాపము విషయమున నిరపాయకరమే గాని, కొంత మండు స్వభావము కలది. అది మరింత నేర్పును కోరును.

2019లో హైదరాబాదునుండి శంషాబాదు విమానాశ్రయమునకును, 2022లో తిరుపతినుండి తిరుమలకును ఏసీ విద్యుత్తు బస్సులు తిరుగనారంభించినవి. వానిని చూచుకొనుటకు డిపోలలో శిక్షితులున్నారు. ఇచ్ఛాపురపు కారు యజమానికి దిక్కు బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖపట్టణమో. జిల్లాలోని ఐ.టి.ఐ.లలో ఏసీ పని నేర్చు కుర్రవారికి అధిక వోల్టేజి భద్రతను, విద్యుత్తు కంప్రెసరు నూనె సంగతిని పాఠములలో చేర్చినచో, ఈ దూరము కొద్ది ఏండ్లలో తగ్గును; అధికారులు ఆలోచింపవలెను. అంతవరకు పాఠకులకు నా మనవి ఇది: ఏసీ దుకాణమునకు పోయినపుడు మూడు ప్రశ్నలు అడుగుడు. చిల్లు ఎక్కడ? నూనె ఏది? విద్యుత్తు కార్లకు వేరే గ్యాసు యంత్రమున్నదా? మూడింటికిని సమాధానము రానిచోట బానెట్టు తెరువనీయకుడు.